కిటికీ కింద పేరు

ఆ వేసవిలో మా నాన్న మా ఆయన్ని చంపాలని రెండుసార్లు చూశాడు. మొదటిసారి పారతో. అది గురి తప్పి చెవి కొస మాత్రం తెగింది. రెండోసారి కుంచెతో. కుంచె చేతిలో ఉంటే మా నాన్న గురి వెంట్రుకవాసి కూడా తప్పదని మా ఊరు సెర్రో పింతోలో అందరికీ తెలుసు.

పార సంగతి ముందు చెప్పేస్తాను. కొండ మీద మంచు కరిగి నేల మెత్తబడ్డాక మా అన్న కాసిమీరో సమాధి మీద మట్టి సర్దడానికి వెళ్ళాం. మా ఆయన ఫిదెన్సియో కూడా వచ్చాడు. రావద్దని చెప్పాను, వింటేగా. టోపీ తీసి పక్కన పెట్టి, పార పట్టుకుని మట్టి ఎత్తబోయాడు. నాన్న వెనకనుంచి వచ్చి ఆ పార లాక్కుని తల మీదికి ఎత్తి కొట్టాడు. ఫిదెన్సియో పక్కకి కూడా జరగలేదు. రక్తం మెడ మీదుగా చొక్కాలోకి కారుతుంటే అలాగే నిలబడ్డాడు. చర్చి ఫాదరూ నేనూ కలిసి నాన్న చేతుల్లోంచి పార ఊడబెరికాం.

"కొట్టనీ మెలితోనా, ఆయనకి కడుపుమంట" అన్నాడు ఫిదెన్సియో.

"నోర్ముయ్. నీ చెవి కింద పడింది, వెతుక్కో" అన్నాను. నాకు కోపమొస్తే ఏం మాట్లాడతానో నాకే తెలియదు.

మా అన్న, ఫిదెన్సియో తోలే ఇంజను మీదే బొగ్గు వేసే ఫైర్‌మాన్. ఆ చలికాలంలో కనుమ దిగుతుంటే పట్టాల మీద మంచు గడ్డకట్టి బ్రేకులు పట్టలేదు. లోయ మలుపు దగ్గర ఇంజను ఒరిగింది. ఫిదెన్సియో దూకాడు. అన్న దూకలేదు. ఇంజనుతో పాటు లోయలోకి వెళ్ళిపోయాడు, మరుగుతున్న నీళ్ళన్నీ మీద పడ్డాయి. శవపెట్టె మూత మమ్మల్ని తెరవనివ్వలేదు. ఆ రోజునుంచీ ఊరు నా మొగుడికి పెట్టిన పేరు మిడత. పిల్లలు గోడ చాటునుంచి "మిడతా, దూకు" అని అరిచి పారిపోయేవాళ్ళు. ఫిదెన్సియో అసలేం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. అడిగితే బయటికెళ్ళి కట్టెలు కొట్టేవాడు.

దూకి బతకడం నేరమా అంటే, వేరే ఊళ్ళో కాకపోవచ్చు. మా చిన్న పట్టాల లైను మీద పాతకాలంలో ఒక ఇంజను ఒకే డ్రైవరుది. క్యాబు కిటికీ కింద అతని పేరు బంగారు రేకుతో రాసేవాళ్ళు. పేరున్నవాడు ఇంజనుని వదిలి దూకడు. దూకి బతికినవాడి పక్కన చర్చిలో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మా తాతల్లో ఇద్దరు అలా పేరుతో సహా లోయలో ఉన్నారు, ఇంట్లో వాళ్ళ గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. తర్వాత కంపెనీ ఆ పేర్లన్నీ చెరిపించి, ఏ ఇంజనునైనా ఏ డ్రైవరైనా తోలాలంది. ఫిదెన్సియో తోలిన ఇంజను మీద తెల్లటి అంకె తప్ప ఏమీ లేదు. పేరు లేకపోయినా ఊరు ఆ పాత లెక్కనే పట్టుకు వేలాడింది. ఒకవేళ పేరే ఉండుంటే రాళ్ళతో కొట్టి చంపేవాళ్ళేమో.

సినిమా వాళ్ళు జూన్‌లో దిగారు. రెండు పోటీ రైలు కంపెనీల కథట. చివర్లో రెండు ఇంజన్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవాలి. బొమ్మ ఇంజన్లు కాదు, నిజంవే. డీజిల్ ఇంజన్లు వస్తున్నాయి కనక కంపెనీ రెండు ముసలి ఇంజన్లని తుక్కు కింద అమ్మేసింది. వాటికి రంగులూ అక్షరాలూ చూసే హాల్వర్‌సన్ అనే దొర రైలు షెడ్డులో ఇంజన్లకి రంగులేసే మా నాన్నని వెతుక్కుంటూ వచ్చాడు. ఎండకి ముక్కు తోలు ఊడిపోయిన పొడుగాటి మనిషి. మా భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు.

"ఎపిమేనియో గారూ, తాతల నాటి అక్షరాలు కావాలి. ఫోటో తెచ్చా" అన్నాడు.

"ఫోటోలో రంగుంటుందా? ఇంజన్నే అడుగుదాం పద" అన్నాడు నాన్న.

షెడ్డులో బొగ్గు తొట్టి పక్క రేకు మీద అరచేయంత జాగా ఎంచుకుని, నీళ్ళు చల్లుతూ సాన రాయితో గుండ్రంగా అరగదీశాడు. పైన నలుపు, దాని కింద ఇంకో నలుపు, కింద ముదురు ఆకుపచ్చ, ఇంకా కింద వంగపండు రంగు, ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా బయటపడ్డాయి. అన్నిటికంటే అడుగున పసుప్పచ్చగా ఏదో మెరిసింది. నాన్న రాయి పక్కన పెట్టి వేలితో తుడిచాడు. అక్షరం కాలు. లావుగా, చివర చిన్న మడమతో, ఎర్ర నీడతో. అక్కణ్ణుంచి వారం పాటు అంగుళం అంగుళం అరగదీసి, ఆనవాలు మీద పల్చటి కాగితం ఉంచి దింపుకున్నాడు. పాతికేళ్ళుగా రేకు అచ్చు పెట్టి తెల్ల అంకెలు కొట్టీ కొట్టీ విసిగిపోయిన మనిషి. అన్న పోయాక ఆ ముఖంలో జీవకళ చూసింది అప్పుడే. కాగితం మీద గీతల వెంబడి సూదిచక్రంతో చిల్లులు పొడిచే పని నాకిచ్చాడు. చిల్లుల కాగితం రేకు మీద అంటించి, సుద్దపొడి మూటతో తట్టి తీసేస్తే అక్షరం చుక్కలుగా దిగుతుంది. ఆ చుక్కల మీద జిగురు, జిగురు మీద బంగారం. నేను సంతోషంగా పొడిచాను. సంతోషంగా ఉన్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఇంజను తోలే పనికి సినిమా వాళ్ళు ఇద్దరు డ్రైవర్లని అడిగారు. ఇంజను కదిలించి, ఆవిరి మీటని తాడుతో కట్టేసి, మెల్లగా ఉండగానే పట్టాల పక్క పాతిన తెల్లగుంజ దగ్గర దూకెయ్యాలి. తర్వాత అదే వేగం పుంజుకుంటుంది. ఒక ఇంజనుకి ప్రాక్సెదెస్ అనే డ్రైవరు ఒప్పుకున్నాడు. రెండోదానికి ఎవరూ ముందుకు రాకపోతే ఫిదెన్సియో చెయ్యెత్తాడు.

"దూకడంలో అనుభవమున్నవాడు కావాలిగా మరి" అని ప్రాక్సెదెస్ అంటే షెడ్డంతా పగలబడి నవ్విందట.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నాన్నకి అన్నం గిన్నె పట్టుకెళ్ళాను. చిక్కుడు గింజలూ మిరపకాయ పులుసూ. నాన్న తాళ్ళతో వేలాడగట్టిన చెక్క పలక మీద కూర్చుని క్యాబు కిటికీ కింద పనిచేస్తున్నాడు. పాత పద్ధతి ప్రకారం కిటికీ కింద ఒక పేరుండాలని హాల్వర్‌సన్ అన్నాడట, ఎవరిదైనా సరేనన్నాడట. బంగారం అప్పటికే దూది పెట్టి మెరుగు పెట్టేశాడు. ఎర్ర నీడ దిద్దుతున్నాడు. ఫిదెన్సియో అని ఉంది.

"ఏంటి నాన్నా ఇది?"

"చదవడం వచ్చుగా."

"చెరుపు."

"ఎందుకే? తోలేది వాడేగా. మేలురకం బంగారం నీ మొగుడి పేరు మీద పెట్టా, సంతోషించు."

"నన్ను ముండమోయించి సంతోషించమంటావా?"

"నేనేం చేశాను. దూకమను. మొన్న దూకాడుగా, అలవాటేగా వాడికి." కుంచె ఎత్తకుండానే అన్నాడు. "ఈసారి పేరుంది. పేరు పెట్టుకుని దూకుతాడేమో చూద్దాం."

గిన్నె కింద పడేసి ఆయన పెట్టెలోంచి బ్లేడు తీసుకుని పలక ఎక్కాను. మొదటి అక్షరం మీద పెట్టేలోపు నా మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. నేను ఆయన ముంజేయి కొరికాను. వదల్లేదు. దవడ మీద కొట్టాడు. నా జన్మలో అప్పటిదాకా నాన్న నన్ను కొట్టి ఎరగడు. చెవిలో గుయ్యిమంది. చేతికి దొరికింది, రాసేటప్పుడు చెయ్యి ఆన్చుకునే కర్ర, దాంతో ఆయన నుదుటి మీద వేశాను. కనుబొమ్మ చీలింది. ఇద్దరం పలక మీదనుంచి కిందపడ్డాం. పడ్డాక కూడా ఆయన నా జుట్టు వదల్లేదు, నేను ఆయన చొక్కా వదల్లేదు. హాల్వర్‌సన్ మనుషులు వచ్చి గొర్రెల్ని విడదీసినట్టు విడదీశారు.

"కొడుకు చచ్చాడే నాకు" అన్నాడు నాన్న, కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుంటూ.

"అన్న చచ్చాడు నాకు. నీ ఒక్కడి సొత్తా వాడు?"

ఆ సాయంత్రానికి వార్త బారుకి చేరింది. ప్రాక్సెదెస్ గ్లాసెత్తి, మిడతకి బంగారు రెక్కలు మొలిచాయన్నాడు. ఫిదెన్సియో ఎన్ని నెలలుగా అణుచుకున్నాడో అదంతా అక్కడ కక్కాడు. ప్రాక్సెదెస్ మూతి మీద మోచేత్తో పొడిచి, కిందపడ్డాక కూడా తన్నాడట. పళ్ళు ఊడాయి. అడ్డొచ్చినవాళ్ళు నా మొగుణ్ణి కుమ్మేశారు. కణుపులు చిట్లిపోయిన చేతులతో, పగిలిన పెదవితో ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"రేపే వెళ్ళి తోలనని చెప్పు" అన్నాను.

"తోల్తా."

"తోలి, గుంజ దగ్గర దూకుతావా?"

తోర్తియా రొట్టె ముక్క చిక్కుడు గింజల్లో అద్దుతూ కూర్చున్నాడు. నోట్లో పెట్టుకోలేదు.

"నిన్నే. దూకుతావా లేదా?"

"నా పేరుంది మెలీ."

"రాసింది మా నాన్న. దేవుడు కాదు."

"ఎవడు రాస్తేనేం. ఊరంతా కొండ మీద కూర్చుని చూస్తుంది. మళ్ళీ దూకి, మళ్ళీ ఇక్కడే బతకమంటావా? ఆ పిల్లకాయల ముందే నడవమంటావా?"

పొయ్యి మీద గింజల కుండ ఎత్తి ఆయన మీదికి విసిరాను. భుజానికి తగిలి గోడకి కొట్టుకుని పగిలింది. "చావు. చచ్చి చూడు. నల్లబట్టలు కట్టనుగాక కట్టను. ఎర్ర లంగా వేసుకుని డాన్సుకి పోతా."

నవ్వాడు వెధవ. నవ్వితే పెదవి మళ్ళీ చిట్లి రక్తం వచ్చింది. నేను ఏడుస్తూ ఆయన చొక్కా మీద గింజలు దులిపాను. ఏం చేస్తాను, అంత ప్రేమ ఆ మనిషంటే.

గుద్దుడు సోమవారమన్నారు. ఆదివారం ఊరంతా పూజకి చర్చికి పోయింది. సినిమా వాళ్ళు సగంమంది నదికి స్నానానికి పోయారు. షెడ్డులో ఇంజనుకి దుమ్ము పడకుండా రెండు పక్కలా కాన్వాసు కట్టేసి ఉంది. కెమెరా ముందే విప్పుతారట. నేను కాన్వాసు కిందికి దూరి బ్లేడుతో నా మొగుడి పేరు గీకేశాను. బంగారం పొట్టు చేతులకీ ముక్కుకీ అంటుకుంది. ఒట్టి జాగా వదిలేస్తే ఉదయం నాన్న చూసి మళ్ళీ రాస్తాడు, అందుకని వేరే పేరు ఏదో ఒకటి పెట్టాలి. అక్షరాల కాగితాల కోసం ఆయన పెట్టె తిరగేశాను. అడుగున మైనపు గుడ్డలో చుట్టిన కాగితమొకటి దొరికింది. విప్పితే కాసిమీరో.

నాన్న చేతి అందం అందులో ఉన్నంతగా ఇంకెక్కడా లేదు. చిల్లులు పొడిచి సిద్ధంగా ఉంది. సుద్ద మాత్రం దానికి ఎన్నడూ తగల్లేదు. అన్నకి ఎప్పటికైనా డ్రైవరు ఉద్యోగం వస్తే, కంపెనీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రాస్తానని నాన్న మాటిచ్చాడని తెలుసు. తయారు చేసి దాచాడని తెలియదు.

అది పట్టుకుని కాసేపు కూర్చున్నాను. నా మొగుడి పేరు కాకపోతే నా మొగుడు దూకుతాడు, ఇది ఒక లెక్క. నాన్న కడుపులో కత్తి దించినట్టు దించాలి, ఇది రెండో లెక్క. ఏది ఎంతో తూకం వేయలేదు. తట్టాను, చుక్కలు దిగాయి, త్వరగా ఆరే జిగురు పూశాను. వేలి కణుపు ఆన్చి లాగితే కీచుమనేదాకా ఆగి, మిగిలిన బంగారు రేకులు ఒక్కొక్కటీ వేశాను. ఎర్ర నీడ నాన్నంత బాగా రాలేదు. దూరానికి తెలియదు. తప్పు చేశానని ఆ రోజూ అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను.

సోమవారం ఎండ మండిపోతోంది. ఊరు ఊరంతా జాతరకొచ్చినట్టు కొండవాలు మీద కూర్చుంది. నాన్న అందరికంటే కింద, పట్టాలకి దగ్గరగా, కనుబొమ్మ మీద నేను చేసిన గాయంతో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నాకేసి చూడలేదు. ఫిదెన్సియో అవతలి పక్కనుంచి ఎక్కాడు. విజిల్ వేశారు. కుర్రాళ్ళిద్దరు మా వైపు కాన్వాసు లాగేశారు.

ఆ ఎండలో బంగారం కళ్ళు చెదిరేలా మెరిసింది. కొండ మీద మాటలు ఆగిపోయాయి. ఫిదెన్సియో ఏమైందా అని కిటికీలోంచి కిందికి వంగి చూశాడు. పేరు తలకిందులుగా చదివి ఉంటాడు. వేలితో తడిమాడు. తలెత్తి కొండ మీద నా కోసం వెతికాడు. నీది కాదు, నీకు సంబంధం లేదు, దూకెయ్ అన్నట్టు చెయ్యి ఊపాను.

ఆవిరి మీట లాగి తాడు కట్టాడు. ఇంజను కదిలింది. అప్పుడు డ్రైవరు సీటు వదిలి లేచి, అటుపక్క ఫైర్‌మాన్ సీట్లో వెళ్ళి కూర్చున్నాడు. డ్రైవరు కిటికీ ఖాళీ. కింద మా అన్న పేరు. సీటు అన్నకి వదిలేశాడని నాకు అప్పుడు అర్థమైంది. నా చేత్తో నేనే నా మొగుణ్ణి ఆ ఇంజనుకి కట్టేశాను. తెల్లగుంజ వచ్చింది. పోయింది. ఆయన కదల్లేదు. అరిచానో లేదో గుర్తు లేదు, మర్నాటికి మాత్రం గొంతు పోయింది, వారం దాకా రాలేదు.

నాన్న లేచాడు. లేచి పట్టాల వైపు పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, అడ్డొచ్చిన సినిమా మనిషిని గుండె మీద గుద్ది పడేసి పరుగెత్తాడు. "దిగరా! ఒరేయ్ కాసిమీరో, దిగరా నాయనా!" అని అరుస్తున్నాడు. ఖాళీ కిటికీతో మాట్లాడుతున్నాడు. ఇంజను ఇంకా పరుగు అందుకోలేదు. నాన్న మెట్టు దగ్గర ఇత్తడి కడ్డీ పట్టుకున్నాడు, కాళ్ళు కంకర మీద ఈడ్చుకుపోయాయి, ఎలాగో మోకాలు మెట్టు మీద వేసి లోపలికి పాకాడు.

లోపల ఏం జరిగిందో మాకు కనపడలేదు. ఇంజను వేగం పుంజుకుంది. అటువైపునుంచి ప్రాక్సెదెస్ ఎప్పుడో దూకేసిన ఇంజను మలుపు తిరిగి వస్తోంది. అప్పుడు క్యాబులోంచి ఒక మూటలా ఇద్దరూ ఊడిపడ్డారు. ఫిదెన్సియో రెండు చేతులూ నాన్న నడుము చుట్టూ బిగించి ఉన్నాయి. కంకర మీద పడి, దొర్లి, గట్టు కిందికి పోయారు.

ఇంజన్లు గుద్దుకున్నాయి. లోపల సినిమా వాళ్ళు డైనమైటు కూడా పెట్టారట. నేల కాళ్ళ కింద ఎగిరింది. రెండు బాయిలర్లూ ఒకదాన్ని ఒకటి ఎక్కాయి, బొగ్గు తొట్టి గాల్లో తిరిగింది, ఇనప ముక్కలు గడ్డిలో వడగళ్ళలా పడ్డాయి. ఆవిరి కేక చెవుల్లో చాలాసేపు ఆగలేదు. ఆ మసిలో నేను గట్టు కిందికి పరుగెత్తాను.

ఇద్దరూ బతికే ఉన్నారు. నాన్న ఫిదెన్సియో గుండె మీద ఎక్కి కూర్చుని కొడుతున్నాడు. ఎడమ చెయ్యి భుజం కీలు తప్పి వేలాడుతోంది, కుడిచేత్తో కొడుతున్నాడు. ముక్కు మీద, నోటి మీద, తెగిన చెవి మీద. నా మొగుడు చేతులు నేల మీద పరిచేసి పడుకున్నాడు. ఆపబోయాను. వద్దని తల ఊపాడు.

"దూకావురా. మళ్ళీ దూకావురా నువ్వు."

"దూకా మామా."

"నన్ను పట్టుకుని దూకావు. నన్నెందుకురా పట్టుకున్నావు, ముసలి ముండాకొడుకుని. వాణ్ణి పట్టుకోలేకపోయావా?"

"చెయ్యి చాపాను మామా."

నాన్న పిడికిలి గాల్లో ఆగింది.

"దూకరా అని అరిచా. వాడి కాలు క్యాబులో ఇనప పలక కింద ఇరుక్కుంది. కమ్మీ పట్టుకుని వేలాడుతూ చెయ్యి చాపాను. వాడూ చాపాడు. అప్పుడు ఇంజను ఒరిగింది. కమ్మీ నా చేతిలోంచి జారిపోయింది. దూకలేదు మామా నేను. పడిపోయాను. పడ్డానంటే ఎవరు నమ్ముతారని చెప్పలేదు."

పైన హాల్వర్‌సన్ ఎవరిమీదో కేకలేస్తున్నాడు. మాకు ఆ మాటలేవీ ఎక్కలేదు.

"అందలేదా?" అన్నాడు నాన్న.

"అందలేదు."

"ఎంతలో?"

ఫిదెన్సియో నేల మీదనుంచి చేతులెత్తాడు. అరచేతులు ఎదురెదురుగా పెట్టి, కొంచెం దగ్గరికి జరిపి, మళ్ళీ ఆలోచించి ఇంకొంచెం జరిపాడు. రెంటి మధ్యా ఒక పిడికిలి కూడా పట్టదు.

"ఇంతలో" అన్నాడు.

నాన్న పిడికిలి విప్పి, ఆ చేతుల మధ్య జాగాలో తన చెయ్యి పెట్టాడు. ఫిదెన్సియో పట్టుకున్నాడు. నేను వాళ్ళ పక్కన కంకర మీద కూలబడి, ఊరంతా వినేలా ఏడ్చాను.